ముందు గుహ తెరవమన్నారు

సంపాదకులకు,

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ‘యాంటిగని’ని పరిషత్తు పోటీలకు గంట నాటికగా కుదించదలచిన గుంటూరు, విజయవాడ సమాజాల వారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. నిడివి తగ్గించేటప్పుడు ముందు చెయ్యి పడేది కావలివాడి మీద, తర్వాత అంధుడైన జోస్యుడు టైరీసియస్ మీద. ఆ రెండూ పోతే మిగిలేది ఒక దుర్మార్గపు రాజు, ఒక మంచి పిల్ల. సోఫోక్లిస్ రాసింది అది కాదు.

పరాయి సైన్యంతో సొంత ఊరు థీబ్స్ మీదికి వచ్చి చచ్చిన పోలినీసెస్‌కు అంత్యక్రియలు కూడదని అతని మేనమామ, రాజు క్రెయాన్ చాటింపు వేయిస్తాడు. పోలినీసెస్ తోబుట్టువు యాంటిగని దాన్ని మీరి శవం మీద మట్టి వేస్తుంది. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఈ నాటకం చూసిన ఏథెన్స్ జనానికి ఆ చాటింపు వింత కాదు. దేశద్రోహిని ఆటికా (ఏథెన్స్ ఉన్న ప్రాంతం) నేలలో పూడ్చనివ్వకపోవడం వాళ్ల చట్టంలోనూ ఉంది. కానీ ఆ నిషేధం సరిహద్దు వరకే. క్రెయాన్ శవాన్ని కుక్కలకూ పక్షులకూ వదిలి కాపలా పెట్టాడు. తప్పు అక్కడ మొదలైంది.

మన ప్రేక్షకుడితో ఇంకో చిక్కుంది. రావణుడి శవం ముందు విభీషణుడు వెనకాడితే ‘మరణాంతాని వైరాణి’ అని రాముడు సంస్కారం చేయించిన కథ వింటూ పెరిగినవాడు తెర లేవగానే యాంటిగని పక్షం చేరిపోతాడు. అందుకే క్రెయాన్ మొదటి ప్రసంగాన్ని కత్తిరించకండి, ప్రతినాయకుడి గొంతుతో చెప్పించకండి. దేశమనే ఓడ నిలిస్తేనే స్నేహాలూ బంధుత్వాలూ అని అతను నమ్మి చెబుతాడు.

అనువాదంలో రాజు ఆజ్ఞకూ దేవతల కట్టడికీ ఒకే మాట వాడితే గొడవేమిటో తెలియదు. ఇది దేవతల రాజు జియస్ వేయించిన చాటింపు కాదంటుంది యాంటిగని. కాబట్టి రాజుది ‘చాటింపు’. రెండోదాన్ని ‘శాసనం’ అంటే మనకు రాతిలో చెక్కింది గుర్తొస్తుంది, ‘విధి’ అంటే తలరాత అనుకుంటారు. ‘రాయని ధర్మం’ నయం.

శవాన్ని వేదిక మీద చూపకండి. మూలంలో అదంతా కావలివాడి నోటే వింటాం: గునపం గాటు లేదు, బండి చక్రం జాడ లేదు, శవం మీద పలచగా దుమ్ము. దోషం తగలకుండా ఉండటానికి అంతే చాలు. కాపలావాళ్లు దాన్ని ఊడ్చేస్తే ఆమె పట్టపగలు మళ్లీ వచ్చి, చేతులతో దుమ్ము పోసి, కంచు పాత్రతో మూడు తర్పణాలు విడుస్తుంది. పట్టుబడేది అప్పుడే. శిక్షగా క్రెయాన్ ఆమెను బతికుండగానే గుహలో మూయిస్తాడు.

టైరీసియస్ లేకపోతే దేవధర్మం ఆమె పట్టుదలగానే మిగిలిపోతుంది. బలిపీఠం మీద నిప్పు రాజుకోవడం లేదని, కొవ్వు బూడిదలోకి కరిగి పొగలు కక్కుతోందని, పక్షులూ కుక్కలూ శవం తునకలతో పీఠాలన్నీ మైల చేశాయని చెప్పేది ఆయనే. చచ్చినవాణ్ణి పైన ఉంచి, బతికున్నదాన్ని సమాధిలో పెట్టావంటాడు. క్రెయాన్ బెదిరి ఏం చేయాలో అడిగితే వృద్ధుల బృందం (కోరస్) వరస చెబుతుంది: ముందు గుహలోంచి అమ్మాయిని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రెయాన్ తలకిందులు చేశాడు. ముందు శవానికి స్నానం, పచ్చికొమ్మలతో దహనం, ఎత్తుగా మట్టిదిబ్బ, ఆ తర్వాతే గుహ. అప్పటికే ఆమె తన మేలిముసుగుతో ఉరి వేసుకుంది. ఆ వెంటే క్రెయాన్ కొడుకు హీమన్, భార్య యురిడిసి ప్రాణాలు తీసుకున్నారు.

మూలంలో 15 మంది ఉన్న ఆ బృందానికి ముగ్గురు వృద్ధులు సరిపోతారు. ఆ వరస చెప్పే మాట మాత్రం వాళ్ల నోట గట్టిగా, విడిగా వినపడాలి. దూత వచ్చి క్రెయాన్ చేసిన వరస చెప్పేటప్పుడు ప్రేక్షకుడికి అది గుర్తుండాలి.

— ఒక నాటక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు