ఎదురువాదన వినే కంప్యూటర్ కావాలి

సంపాదకుడి గారికి,

ఈమధ్య మీ పత్రికలో కృత్రిమ మేధ మీద ఏ వ్యాసం చూసినా చాట్‌బాట్ల గోలే. అదే రంగంలో 30 ఏళ్లుగా సాగుతున్న ఇంకో పని, అంటే వాదననూ ఎదురువాదననూ తూచి ఏది నిలుస్తుందో తేల్చే తర్కం గురించి ఒక్క ముక్కా కనిపించదు, అందుకే ఈ ఉత్తరం.

ప్రోలాగ్ అనే పాత కంప్యూటర్ భాషలో ఒక పద్ధతి ఉంది: దేనికైనా రుజువు దొరక్కపోతే అది లేనట్టే లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నవంబరులో పెన్షనర్ల అవస్థ చూసినవాళ్లను అడగండి. వేళ్లు అరిగి ముద్ర పడక లైఫ్ సర్టిఫికెట్ నమోదు కాకపోతే, మనిషి కౌంటర్ ముందు నిలబడి "నేనే నాయనా" అంటున్నా పెన్షన్ ఆగిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రోలాగ్‌లో రాశారని కాదు, తర్కం మాత్రం అదే.

1995లో ఫాన్ మిన్ డుంగ్ అనే శాస్త్రవేత్త దీనికి దారి చూపించాడు. ఒక వాదన నిలబడాలంటే దాని మీదికొచ్చే ప్రతి ఎదురువాదనకూ జవాబుండాలి, అంతే. తర్వాత ప్రాకెన్, సార్టర్ లాంటి పరిశోధకులు దీన్ని ఇద్దరాడే ఆటగా మలిచారు, అదీ కోర్టు వాదాలను దృష్టిలో పెట్టుకుని.

మన సాక్ష్య చట్టమే చూడండి. కబురు తెలియాల్సినవాళ్లకు కూడా ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, మనిషి బతికే ఉన్నాడనేవాడే రుజువు చూపాలి. 1872 చట్టంలో ఇది 108వ సెక్షన్, 2024లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఇప్పుడు ఆస్తి తగాదా ఒకటి ఊహించుకోండి. తమ్ముడు బతికే ఉన్నాడంటాడు అన్న. ఎనిమిదేళ్లుగా కబురే లేదంటుంది మరదలు. నిరుడు సంక్రాంతికి నాకు ఫోన్ చేశాడంటాడు ఆయన, దాంతో ఆమె వాదన పడిపోయి, అంతకుముందు దెబ్బతిన్న ఆయన మొదటి మాట మళ్లీ లేచి నిలబడుతుంది. ఆ నంబరు ఇంకెవరిదో అని ఆమె తేలిస్తే మళ్లీ తిరగబడుతుంది. జవాబు లేనివాడు ఓడినట్టు. ఆటలో ఒక గట్టి నియమం కూడా ఉంది, మొదట వాదన పెట్టినవాడు చెప్పిందే మళ్లీ చెప్పకూడదు (టీవీ చర్చలకు ఇదొక్కటి పెట్టినా సగం ఐదు నిమిషాల్లో అయిపోతాయి).

రెండు వాదనలూ సమవుజ్జీలై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే యంత్రం "తేలలేదు" అని ఒప్పుకుంటుంది. మనవాళ్లకు ఇది కొత్త కాదు. శబ్దం నిత్యమని ఒక హేతువు, కాదని మరో హేతువు పోటీకొస్తే దాన్ని సత్ప్రతిపక్షం అన్నారు, పాత తర్కశాస్త్ర పాఠ్యగ్రంథం తర్కసంగ్రహం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇందులో నాకు నచ్చని లోటూ ఉంది. ఏ వాదనకు ఎంత బరువివ్వాలో ఆట తనంతట తాను చెప్పదు, ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. ఆ రాసేది ఎవరు, ఏ లెక్కన రాస్తారు అన్నదాని దగ్గరే అసలు పేచీ. ఈ విషయం మీద యూనివర్సిటీల్లో లాజిక్ చెప్పేవాళ్ల చేత ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం రాయించండి, పెన్షన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లూ చదువుతారు.

— ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్, ఖమ్మం