బంకు గొట్టం మీద ఇథనాల్ శాతం రాయాలి

సంపాదకులకు,

పెట్రోలులో ఇథనాల్ కలపడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కొత్త కార్ల వరకు అందులో తప్పుపట్టేదేమీ లేదు. పాత కార్ల సంగతే 'మైలేజీ కాస్త తగ్గుతుంది, అంతే' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో ఉండేది 21. 20 శాతం కలిపితే లీటరుకు దాదాపు 7 శాతం శక్తి తగ్గినట్టే. కానీ కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే పాతకాలపు భాగం) ఉన్న కారును సొంతంగా విప్పి బిగించుకునేవాళ్ల బాధల్లో మైలేజీ చిట్టచివరిది.

నష్టం మొదలయ్యేది రబ్బరు దగ్గర. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోని రోజుల్లో చేసిన పెట్రోలు పైపులు దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, మెత్తబడతాయి. బండి ఆగి ఉండి పైపులు ఆరిపోయినప్పుడు పగుళ్లిస్తాయి. పైకి పైపు నిక్షేపంలా కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం నల్లటి పొలుసులుగా రాలుతుంటుంది. ఫిల్టర్‌కు ముందు రాలితే సరే, ఫిల్టర్‌లో ఆగుతాయి. పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్లే ముక్కలో రాలితే నేరుగా నీడిల్ వాల్వులో, అంటే కార్బొరేటర్ గిన్నెలోకి వచ్చే పెట్రోలును ఆపే సూది మూతలో, ఇరుక్కుంటాయి. నీడిల్ మూసుకోదు, ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే బుంగ) ఉండే గిన్నె పొంగుతుంది, పెట్రోలు ఇంజన్ పొగ వెళ్లే వేడి మానిఫోల్డ్ మీద కారుతుంది. అప్పుడది నిప్పు అంటుకునే వ్యవహారం.

అందుకే పైపు మార్చేటప్పుడు దాని మీది అచ్చు చదవాలి. 'ఎస్ఏఈ జె30 ఆర్9' (పెట్రోలు పైపుల ప్రమాణంలో ఒక రకం) అని ఉంటే లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉన్నట్టు. ఆర్6, ఆర్7 రకాలు ఇథనాల్‌కు అంతకాలం నిలవవు. చాలా కార్లలో ట్యాంకు నుంచి ముందుదాకా లోహపు పైపే నడుస్తుంది కాబట్టి రబ్బరు ముక్కలు రెండు మూడు చోట్లే ఉంటాయి. అన్నీ ఒకేసారి మార్చేయడం తెలివైన పని.

పైపుల తర్వాత చూడాల్సింది పెట్రోలు పంపులోని డయాఫ్రం, అంటే కదులుతూ పెట్రోలును లాగే పలుచటి పొర. ఇంజన్‌కు బిగించిన మెకానికల్ పంపులో అది చిల్లుపడితే పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ గేజి తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది, ఆయిల్ మట్టం పోయకుండానే పెరిగి ఉంటుంది. అలా కనిపిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. డయాఫ్రం, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాకే తాళం తిప్పాలి. కార్క్ ప్యాకింగులు, నురగ ఫ్లోట్లు కూడా అనుమానించదగ్గవే. ఫ్లోట్ పెట్రోలు పీల్చి బరువెక్కితే గిన్నెలో మట్టం పెరిగిపోతుంది. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర ఊపి చూడాలి, వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బుడగ వచ్చినచోటే చిల్లు.

రెండో సమస్య నీరు. ఇ10 పెట్రోలు (10 శాతం ఇథనాల్ కలిపినది, ఇ20 అంటే 20 శాతం) 15 డిగ్రీల దగ్గర దాదాపు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. అంటే 40 లీటర్లకు 200 మి.లీ., ఒక గ్లాసుడు. ఇ20 ఇంకాస్త ఎక్కువే పట్టుకుంటుంది. ఆ హద్దు దాటినా, హద్దుకు దగ్గరగా ఉండి చలి పెరిగినా నీరూ ఇథనాలూ జంటగా విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పెట్రోలు లాగే గొట్టం నోరు ఉండేదీ అడుగునే. పాత కార్ల ట్యాంకులకు గాలి నేరుగా తగులుతుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టే బండికి ఈ గండం ఎక్కువ. విడిపోయిన పెట్రోలును కుదిపి కలపడం, పైన కొత్తది పోయడం పనికిరాని పనులు. మొత్తం దించేయాల్సిందే. బండిని నెలకు మించి ఆపేటప్పుడు ట్యాంకులో గాలికి చోటు లేకుండా దాదాపు నిండా పోసి, కార్బొరేటర్ గిన్నెలోది ఒంపేయాలి. లేదంటే కార్బొరేటర్ జింకు మిశ్రమపు ఒంటి మీద తెల్లటి పొడి, పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ఇత్తడి జెట్లలో చిలుము పట్టి, విప్పేసరికి ఒక పూట పని తగులుతుంది.

పాత ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కూడా ఇథనాల్ కడిగి ముందుకు తోస్తుంది. మొదటి రెండు ట్యాంకులు అయ్యాక ఫిల్టర్ మార్చాలనేది అందుకే. పెట్రోలులో కలుపుకోమని సీసాల్లో అమ్మే మందులు లోహానికి తుప్పు పట్టకుండా కొంత కాపాడతాయి. ఉబ్బిన రబ్బరును బాగుచేయలేవు, విడిపోయిన పెట్రోలును కలపలేవు, గాలీ పెట్రోలూ కలిసే మిశ్రమాన్ని సరిచేయలేవు.

అసలు చెప్పదలచుకున్నది ఆ మిశ్రమం గురించే. మామూలు పెట్రోలులో ఒక పాలు మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఇ10కి అది 14.1, ఇ20కి సుమారు 13.5. కొత్త కార్లలో సెన్సర్ ఈ తేడాను కనిపెట్టి పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్‌లో ఉండేది ఇత్తడి జెట్, దానికి ఒక రంధ్రం. దానికేం తెలుసు? ఇ20 పోస్తే మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. రేసు ఇచ్చినప్పుడు బండి తడబడుతుంది, కార్బొరేటర్‌లోంచి 'టప్' మని ఎదురు కొడుతుంది, ప్లగ్గు పింగాణీ సున్నంలా తెల్లబడుతుంది. ఇథనాల్ వల్ల నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటక కొట్టడం) వస్తుందన్న ప్రచారం మాత్రం సరికాదు, దాన్ని తట్టుకునే గుణాన్ని చెప్పే ఆక్టేన్ ఇథనాల్‌కు పెట్రోలుకంటే ఎక్కువ.

దీనికి మందు ఉంది. జెట్ నంబరు రంధ్రం వ్యాసాన్ని చెప్పే రకమైతే, 120 నంబరు మెయిన్ జెట్ తీసి 125 వేస్తే రంధ్రం వైశాల్యం 8.5 శాతం పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. ఎస్‌యూ అనే రకం కార్బొరేటర్ అయితే కింది జెట్ నట్టును ఒక్కో పలక (చుట్టులో ఆరో వంతు) చొప్పున దించి, ప్లగ్గు రంగు చూసుకుంటే చాలు. కాని ఇవన్నీ పోసేది ఇ20 అని తెలిసినప్పటి మాట. పక్క బంకులో ఇ5 ఉంటే అదే 125 జెట్‌తో ప్లగ్గులు మసిబారతాయి. పెట్రోలులోంచి సీసం తీసేసిన రోజుల్లో ఇంజన్‌లో వాల్వులు ఆనే సీట్లు అరిగిపోతాయని గట్టి సీట్లు వేయించుకున్నారు. ఒకసారి చేయిస్తే పని అయిపోయింది. ఇథనాల్ శాతం అలా కాదు, చెప్పాపెట్టకుండా మారితే ప్రతిసారీ గుడ్డిగా జెట్లు మార్చుకోవాల్సిందే.

ప్రస్తుతానికి శాతం తెలుసుకునే దారి ఒకటుంది. 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీరు, 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి కలపాలి. మధ్యమధ్య మూత వదులు చేసి ఆవిరిని పోనివ్వాలి. పది నిమిషాలు నిలబెడితే ఇథనాల్ నీటిలోకి చేరి అడుగు పొర పెరుగుతుంది. ఆ పొర 19 దగ్గరుంటే సుమారు 10 శాతం, 28 దగ్గరుంటే 20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలని వేరే చెప్పక్కర్లేదు. ఒక మిల్లీలీటరు అటూఇటూ తేడా ఉన్నా జెట్ ఎంచుకోవడానికి ఇది చాలు. అయినా కొనేవాడు కొలజాడీ పట్టుకుని బంకుకు వెళ్లాల్సి రావడం ఏం న్యాయం?

యూరప్‌లో 2018 నుంచి బంకు గొట్టాల మీద గుండ్రటి చీటీలో ఇ5, ఇ10 అని రాస్తున్నారు. కొత్త వాహనాల ట్యాంకు మూత దగ్గరా అదే గుర్తు ఉంటుంది. బ్రిటన్ 2021 సెప్టెంబరులో ఇ10ను మామూలు పెట్రోలుగా మార్చినప్పుడు సూపర్ గ్రేడును ఇ5గానే ఉంచింది, పాత బండ్లకు ఒక దారి మిగిల్చింది. ఇథనాల్ కలపొద్దని ఎవరూ అనడం లేదు. ప్రతి గొట్టం మీదా గరిష్ఠ శాతం అంకెల్లో రాయాలి. శాతం మార్చబోతే ముందుగా ప్రకటించాలి. ఒక్క గ్రేడునైనా 5 శాతం దాటకుండా ఉంచాలి. ఈ మూడింటి గురించి ఇంధన శాఖ ఏమంటుందో మీ విలేఖరులు అడిగి రాస్తే మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు