‘మా కుక్క ఏమీ చేయదండీ’ అంటే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

వానలు పడి కోనల్లో నీళ్లు దూకుతున్నాయని తెలిస్తే మన ప్రాంతం వాళ్లకు ఆదివారం ఇంట్లో కాలు నిలవదు. తలకోన, కైలాసకోన, సదాశివకోన, వరదయ్యపాళెం దగ్గరి ఉబ్బలమడుగు, ఎటు పోయినా జనమే. ఈమధ్య ఆ దారుల్లో పెంపుడు కుక్కలూ ఎక్కువయ్యాయి. నేనూ కుక్కను పెంచుతున్నాను, దాంతో కొండదారుల్లో నడుస్తాను. కోనల దారుల్లో కుక్క బెల్టు చేతిలోంచి వదలకూడదని నిబంధన పెట్టి, దారి మొదట్లోనే బోర్డు రాయించాలని అటవీశాఖను, పంచాయతీలను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా చిట్టి ఊరకుక్క. పిల్లగా రోడ్డు మీద ఉన్నప్పుడు పెద్ద కుక్కలు దాన్ని బాగా కరిచాయి. ఇంట్లో ఎంతో నెమ్మది. బయట మరో కుక్క దగ్గరికొస్తే మాత్రం ఒళ్లు బిగుసుకుపోతుంది, మొరుగుతుంది, బెల్టు తెంచుకునేంతగా లాగుతుంది. ఇలాంటి వాటిని రియాక్టివ్ కుక్కలంటారు. చూసేవాళ్లు పొగరు అనుకుంటారు గానీ చాలాసార్లు అది భయం. ‘నా దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి దానికి తెలిసిన పద్ధతి అదొక్కటే. ముప్పై అడుగుల దూరంలో ఇంకో కుక్క పోతుంటే చిట్టి నా మొహంకేసి చూసి, నా చేతిలోని చికెన్ ముక్క తింటుంది. అదే కుక్క పదడుగుల దగ్గరికి వచ్చిందంటే ఇక నా మాట దాని చెవికెక్కదు.

కోన దారిలో దొరకనిదే ఆ దూరం. ఒక పక్క బండ, ఇంకో పక్క వాగు, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. పక్కకు తప్పుకుందామంటే ముళ్లపొదలు. జలపాతం దగ్గరపడేకొద్దీ నీటి హోరులో వెనక వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు వినపడదు, మలుపు తిరిగేసరికి మొహాలు ఎదురుపడతాయి. పాచిపట్టిన రాళ్ల మీద కుక్క ఒక్కసారి లాగితే పట్టుకున్న మనిషి కూడా జారిపడాల్సిందే.

గత డిసెంబరులో పుత్తూరు వైపు ఒక కోనకు వెళ్లినప్పుడు అదే జరిగింది. మలుపు దగ్గర ఒక లాబ్రడార్ ఉరుకుతూ వచ్చి చిట్టి మీద పడింది. దాని బెల్టు వెనకెక్కడో ఉన్న యజమాని మెడలో వేలాడుతోంది. ఆయన అక్కడి నుంచే ‘ఏమీ చేయదండీ, ఫ్రెండ్లీ’ అని కేకేశారు. నిజమే, ఆయన కుక్క ఏమీ చేయలేదు. కానీ చిట్టి ఏం చేస్తుందో ఆయనకు తెలియదు కదా! ఎద్దు మూతికి కట్టే చిక్కంలాంటిది దాని మూతికి వేసి ఉన్నాను కాబట్టి కాటు పడలేదు. నేను రాయి మీద పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. ఏడాదిపాటు ఓపికగా నేర్పినదంతా ఆ ఒక్క నిమిషంలో పోయింది. తర్వాత మూడు నెలలు వీధి చివరి దాకా నడవాలన్నా చిట్టికి వణుకే.

‘ఇలాంటి కుక్కను మరి ఎందుకు తెచ్చారమ్మా?’ అని ఆయన అడిగారు. కోపం వచ్చినా, ఆ ప్రశ్న తీసెయ్యదగ్గది కాదు. ఇంటికొచ్చి చాలా రోజులు ఆలోచించాను. నా తప్పూ ఉంది, ఆ రోజు ఆదివారం. ఇప్పుడు సెలవు రోజుల్లో వెళ్లను. కార్తీకమాసంలో అసలే వెళ్లను. మామూలు రోజున తెల్లవారగానే బయల్దేరి, జనం వచ్చేలోపు తిరిగొచ్చేస్తాను. మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ (హార్నెస్), ఆరడుగుల బెల్టు, మూతికి చిక్కం. చిక్కం లోపల నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి చోటుండాలి. ఎందుకంటే కుక్కకు వేడి తగ్గేది ముఖ్యంగా రొప్పడం వల్లే. గుడి, స్నానాల రేవు కనబడే చోటికి ముందే ఆగిపోతాను. తడిబట్టలతో, చెప్పుల్లేని కాళ్లతో, చంకలో పిల్లలతో జనం ఉండే చోటది.

తలకోన సంగతి వేరు. అక్కడికి చిట్టిని తీసుకుపోను, ఇంకెవరూ కుక్కను తీసుకుపోకూడదని నా గట్టి అభిప్రాయం. 270 అడుగుల నుంచి దూకే ఆ జలపాతం 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది. అది ఉన్న శేషాచలం అడవులకు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా గుర్తింపు కూడా వచ్చింది. చిరుతకు కుక్క ఇష్టమైన ఎర. బెల్టు లేని కుక్క పొదల్లోకి దూరి దేన్నో తరిమి, భయపడి వెనక్కి ఉరికొచ్చేది యజమాని దగ్గరికే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్న బాధ మన ఊరు ఇంకా మరిచిపోలేదు. అక్కడ కుక్క ప్రసక్తి లేదు గానీ, చిరుత మనకు ఎంత దగ్గరలో తిరుగుతోందో ఆ రోజు అందరికీ తెలిసింది. ఇక మన కుక్కల జబ్బులు అడవికి అంటుకునే ప్రమాదం ఉంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవుల్లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోతే, వాటిలో కొన్నింటికి కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. అది కుక్కల్లో మామూలుగా కనిపించే జబ్బు, టీకాతో ఆపగలిగే జబ్బు.

అందుకే కుక్కలకు అనుమతి లేని కోన ఏదో, ఉన్నది ఏదో ముందే తేల్చి రాయాలి. చెన్నై నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగుతో పాటు తమిళంలోనూ రాయాలి. టికెట్ ఇచ్చే చోట రేబిస్ టీకా కార్డు అడిగితే యజమానులు నొచ్చుకోనక్కర్లేదు. పెంచే జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా జాగ్రత్తపడని వాళ్లకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని కూడా ఆ బోర్డులో ఒక వాక్యం ఉంటే మంచిది. కాటు పడితే వెంటనే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకాకు ఆసుపత్రికి పోవాలన్న మాట కూడా. ఇప్పటికీ కారం, సున్నం పెట్టేవాళ్లున్నారు.

కుక్కలేని వాళ్లకూ ఒక విన్నపం. మూతికి చిక్కం ఉన్న కుక్క కనబడితే దగ్గరికి రాకండి, తల నిమరకండి, రాయి విసరకండి. పిల్లల్ని పరుగెత్తనివ్వకుండా చెయ్యి పట్టుకుని మామూలుగా నడిచి వెళ్లిపోండి. మేమే పక్కకు తప్పుకుని ఆగుతాం.

మన తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఏటా సెప్టెంబరు 28న రేబిస్ దినం వస్తుంది. ఆ రోజు టీకాలతో పాటు కుక్కకు చిక్కం అలవాటు చేయడం, బెల్టుతో నడిపించడం యజమానులకు నేర్పిస్తే నాలాంటి వాళ్లు చాలామంది వస్తారు. బోర్డుల పని మాత్రం కార్తీక వనభోజనాలు మొదలయ్యేలోపే జరగాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి