తురుపు ముక్క రహస్యం కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే పత్రికల శీర్షికల్లోకి 'తురుపు ముక్క' వచ్చేస్తుంది. ఆఖరి నిమిషంలో బయటికి తీసే రహస్యాస్త్రం అన్నట్టు రాస్తున్నారు. పత్తాలాట తెలిసినవాళ్లకు ఇది మింగుడుపడదు.

తురుపు అంటే ఒక్క ముక్క కాదు, ఒక రంగు మొత్తం. అంటే ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమన్లలో ఒక జాతి ముక్కలన్నీ. కోట్‌పీస్ ఆట చూడండి. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. తలా 5 ముక్కలు పంచగానే, తురుపు చెప్పాల్సినవాళ్లు తమ ముక్కలు చూసుకుని 'ఇస్పేటు' అనో 'కళావరు' అనో పైకే అంటారు. ఆ తర్వాత నాలుగు, మళ్లీ నాలుగు పంచి 13 చేస్తారు. ఏది తురుపో అందరికీ తెలుసు. తురుపును మూసిపెట్టి ఆడే పద్ధతీ ఉంది గానీ, అక్కడా అడిగితే తెరవాల్సిందే.

మరి దాని బలమేమిటి? ఇస్పేటు తురుపైనప్పుడు ఒకరు ఆఠీను ఆసు వేశారనుకోండి. చేతిలో ఆఠీను లేనివాళ్లు ఇస్పేటు రెండు వేసినా చాలు, దానిమీద ఇంకో తురుపు పడకపోతే ఆ నాలుగు ముక్కలూ వాళ్లవే. ఆఠీను ఒక్కటున్నా మాత్రం అదే వేయాలి. ఉంచుకుని తురుపు కొడితే తొండి. పెద్ద తురుపులున్నవాళ్లు ముందే వరసగా ఇస్పేట్లు వేసి ఎదుటివాళ్ల తురుపులు లాగేస్తారు. ఆసును కొట్టాల్సిన చిన్న తురుపు అట్లా ఉత్తపుణ్యానికి పోతుంది. దాచుకున్నకొద్దీ లాభం అనుకోవడం అందుకే తప్పు.

చిన్నదైనా అదను దొరికితే పెద్దదాన్ని కొట్టేదే తురుపు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి రంగు, ఘాటు ఎంత బాగున్నా 'తేమ ఉంది' అన్న ఒక్క మాట ధరను దించేస్తుంది. తురుపు రెండు చేసే పని సరిగ్గా అదే.

పత్రికల్లో 'జోకర్' అన్న మాటదీ ఇదే గతి. పనికిరానివాణ్ని జోకర్ అనడం సర్కసు మాట. రమ్మీలో లేని ముక్క స్థానంలో నిలబడి ఆట కలిపేది జోకరే. పేకాట పోలికల నడుమ సర్కసు అర్థం పెడితే వాక్యం తిరగబడుతుంది.

పిల్లలు మాటలు పట్టుకునేది పత్రికలు చూసే కనుక డెస్కులోనివారికి ఒక విన్నపం. రహస్యమైతే రహస్యమనే రాయండి. నలుగురు కార్పొరేటర్ల ఓట్ల మీద మేయర్ కుర్చీ ఆగినప్పుడు ఆ నలుగురినీ తురుపు ముక్కలనండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ