జోడుగుళ్ళపాలెం ఎత్తు మీద మీ నాయనమ్మ

విశాఖపట్నం
మంగళవారం, తెల్లవారుజాము

మావా,

ముందు క్షమించు. నువ్వు దీపావళికి రాసిన ఉత్తరం నా టేబుల్ మీద ఇంకా అలాగే ఉంది, చూస్తుండగానే మార్చి వచ్చేసింది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఒకసారి రెండు పేజీలు నిండాయి కూడా. పాప వాటి వెనకవైపు ఏనుగు బొమ్మ గీసేసింది. బొమ్మ బాగుంది, దీంతో పాటే పంపిస్తున్నాను.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు పర్వాలేదు, మెట్లు ఎక్కుతోంది. మీ చెల్లెమ్మకి ప్రమోషన్ వచ్చింది, నిన్ను స్వీట్లు అడగమని కాదు, పంపించమని అంటోంది. పాపకి ముందుపన్ను ఊడింది. మన వీధి చివర చింతచెట్టు కొట్టేశారు, దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాయలేను. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం నేను డ్యుయాథ్లాన్ చేశాను మావా! పూర్తి చేశాను! రెండు రోజులుగా ఇది ఎవరికో ఒకరికి మొదట్నుంచి చివరిదాకా చెప్పాలని గొంతులో ఆడుతోంది. ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, కానీ అసలు చెప్పాల్సింది నీకే. ఎందుకో చదువుతూ ఉంటే నీకే తెలుస్తుంది.

డ్యుయాథ్లాన్ అంటే ముందు పరుగు, తర్వాత సైకిల్, మళ్ళీ పరుగు. ట్రయాథ్లాన్‌లోలా ఈత ఉండదు. పూర్తి దూరమైతే 10 కిలోమీటర్ల పరుగు, 40 సైకిల్, మళ్ళీ 5 పరుగు. నాది అందులో సగం, స్ప్రింట్ అంటారు: 5, 20, 2.5. నాలుగు నెలలు ప్రాక్టీస్ చేశాను. లెక్క కూడా కాగితం మీద రాసుకున్నాను. మొదటి పరుగు కిలోమీటరుకి 5 నిమిషాల 45 సెకన్ల చొప్పున 28:45. సైకిల్ 44 నిమిషాలు, పోను 22, రాను 22. చివరి పరుగు 15 నిమిషాలు. ఆ కాగితం మడిచి జేబులో కూడా పెట్టుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకే ఆర్కే బీచ్ చేరిపోయాను. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా సైకిళ్ళు వరసగా స్టాండ్లకి వేలాడుతున్నాయి, ఒక్కోదాని పక్కన ఒక తువ్వాలు, బూట్లు, నీళ్ళ సీసా. నా స్థలం అటు చివర. మైకులో ఆయన గొంతు అచ్చం మన పెందుర్తి కండక్టర్ గొంతు! "హెల్మెట్ క్లిప్పు పెట్టుకున్నాకే సైకిల్ ముట్టుకోవాలి, గీత దాటాకే ఎక్కాలి" అని ఆయన చెబుతుంటే నాకు ఒకటే నవ్వు. నువ్వు పక్కన ఉండుంటే ఇద్దర్నీ బయటకి పంపేసేవాళ్ళు.

సరిగ్గా ఆరింటికి వదిలారు. కాళీమాత గుడి దగ్గర్నుంచి వుడా పార్కు దాకా వెళ్ళి తిరిగి రావాలి. మనం ఎన్ని వేల సార్లు నడిచిన రోడ్డు! కానీ నూటయాభై మంది ఒక్కసారిగా కదిలితే ఆ రోడ్డే వేరేలా ఉంటుంది మావా. బూట్ల చప్పుడు వానలా ఉంది. పక్కన సముద్రం, వెనకనుంచి ఎవరిదో ఊపిరి, ముందు ఖాళీ. కాళ్ళకి అసలు బరువే లేదు. ఈ రోజు నాది అనిపించింది. మొదటి కిలోమీటరు అవగానే వాచీ చూస్తే 4:50. కాగితం మీద 5:45 ఉందని నాకు తెలుసు. తెలిసే తగ్గలేదు. ఇంత తేలిగ్గా ఉంటే ఎందుకు తగ్గాలి?

అక్కడే ఉంది కిటుకు. మొదట్లో అందరికీ తేలిగ్గానే ఉంటుందట. రాత్రంతా తీసుకున్న విశ్రాంతి, జనం, టెన్షన్, అన్నీ కలిసి శరీరం చెప్పే మాటని కప్పేస్తాయి. ఊపిరి అందే హద్దు దాటి పరుగెడితే కండరాల్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్, ఇంకా జోరుగా ఖర్చవుతుంది, ఆ ఖర్చు మాత్రం అప్పుడు కనిపించదు. పైగా మన వైజాగ్ ఉక్క. ఒళ్ళంతా చెమటే, కానీ గాలిలో తేమ వల్ల ఆ చెమట ఆరదు, ఆరకపోతే ఒంటి వేడి దిగదు, వేడి దిగకపోతే అదే వేగానికి గుండె ఇంకా ఇంకా గట్టిగా కొట్టుకోవాలి. రెండో కిలోమీటరు 5:05, తర్వాత 5:15, 5:25, 5:35. చూడు, ప్రతి కిలోమీటరుకీ పది, పదిహేను సెకన్లు జారిపోతూనే ఉన్నాయి. అప్పటికి నాకు అది జారడంలా కనిపించలేదు. 26:10కి పరుగు అయిపోయింది, నా జన్మలో అతి వేగమైన 5 కిలోమీటర్లకి పది సెకన్లే వెనక! సంతోషంతో అరిచాను కూడా.

సైకిల్ తీసుకునే ముందు అరటిపండు తిన్నాను. నువ్వు ఇప్పుడు ఏమనబోతున్నావో నాకు తెలుసు. అనకు.

సైకిల్ మీద ఇంకా బాగుంది. లాసన్స్ బే, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ ఇంకా రాకముందే వెనక్కి తిరగాలి. పోయేటప్పుడు తెన్నేటి పార్కు ఎత్తు కూడా తెలియలేదు. పది కిలోమీటర్లు 19:30లో కొట్టేశాను. గంటకి ముప్పై పైనే! నాలుగు నెలల ప్రాక్టీసులో నేను ఎప్పుడూ చూడని అంకె అది. నేను మారిపోయాను, బలం వచ్చేసింది అనుకున్నాను.

యూ టర్న్ దగ్గర సైకిల్ తిప్పాను. గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఇంతసేపూ అది నా వీపుని తోస్తోంది మావా. దక్షిణపు గాలి. వెనకనుంచి వచ్చే గాలికి చప్పుడుండదు, చల్లదనం కూడా తెలియదు. అందుకే అది నా బలమే అనుకున్నాను. ఎదురుగాలి సంగతి నేను చదివిందే: నీకు తగిలే గాలి వేగం రెట్టింపైతే అది అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. చదివింది వేరు, ఛాతీ మీద తగిలింది వేరు. గేరు మార్చి కాళ్ళు తేలిగ్గా, నిమిషానికి 85, 90 సార్లు తిప్పాల్సింది. నేను అదే పెద్ద గేరు పట్టుకుని మొండిగా తొక్కాను. తొడల్లో కారం రాసినట్టు మంట. సాగర్‌నగర్ దగ్గర ఒక్కొక్కరే నన్ను దాటడం మొదలుపెట్టారు. పొద్దున పరుగులో నేను దాటిన వాళ్ళే. ఒకాయన ఆకుపచ్చ బనీను వేసుకున్నాడు, మొదటి కిలోమీటరులో ఆయన్ని దాటుతూ పాపం అనుకున్నాను. ఇప్పుడు ఆయన ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ పోయాడు.

జోడుగుళ్ళపాలెం వచ్చింది. ఎండుచేపల వాసన, రోడ్డు వారన వలలు, ఎదురుగా కైలాసగిరి అంచున పైకి పోతున్న ఎత్తు. హ్యాండిల్ మీద నా చెయ్యి చూసుకున్నాను, మణికట్టు దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. కాలు కింద పెట్టేద్దామనిపించింది. నిజంగా, ఒక కాలు పెడల్ మీంచి తీశాను.

అప్పుడు గుర్తొచ్చింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఆషాఢం, సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం, 32 కిలోమీటర్లు. అడవివరం దాటకముందే నేను జనాన్ని తోసుకుంటూ ముందుకి పోతుంటే నువ్వు నా చొక్కా పట్టుకుని ఆపావు. నాకెంత కోపమొచ్చిందో! హనుమంతవాక దాకా నీతో మాట్లాడలేదు. మీ నాయనమ్మ మాత్రం చెప్పుల్లేకుండా, చేతిలో ఆ సంచితో, అదే నడక. విశాలాక్షినగర్ దిగి ఇదే జోడుగుళ్ళపాలెం దగ్గరికి వచ్చేసరికి నా పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆవిడ మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టి ఏమందో గుర్తుందా?

"బేగి బేగి ఎళ్ళినోడు బేగే కూలబడతాడు నాయినా. అప్పన్న పేరు నోట్లో ఆడతుండాల. పేరు పలకలేకపోనావంటే నువ్వు నీ నడక దాటిపోనావని లెక్క."

మావా, ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నది అదే! మాట్లాడగలిగితే ఆ వేగం నీది, మాట తెగిపోతే నీ హద్దు దాటావు, వాచీ లేకపోయినా ఇది చాలు అంటారు. నేను నాలుగు నెలలు గుండె వేగం చూపించే వాచీ పెట్టుకుని నేర్చుకున్నది ఆవిడ మజ్జిగ గ్లాసుతో పాటు ఇచ్చేసింది. ఆవిడ పోయినప్పుడు నేను రాలేకపోయాను. సెలవు దొరకలేదని నీకు రాశాను, అది నిజమే, కానీ గట్టిగా అడిగి ఉంటే... సరే. అది ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను.

గేరు రెండు మెట్లు దించాను. అప్పన్నా గోవిందా అని పైకే అన్నాను. మొదట "అప్ప" దగ్గరే తెగిపోయింది. ఇంకో గేరు దించాను. ఇప్పుడు పూర్తిగా పలికింది. నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ వేగం అంతే, కానీ ఎత్తు ఎక్కేశాను, కాలు కింద పెట్టకుండా. రావడానికి 25:50 పట్టింది.

సైకిల్ దిగి పరుగు మొదలుపెడితే కాళ్ళు నావి కావు. ముప్పావుగంట గుండ్రంగా తిరిగిన కాళ్ళకి నేల మీద అడుగు వెయ్యడం కొత్తగా ఉంటుంది, అలవాటు కావడానికి ప్రాక్టీసులో సైకిల్ వెంటనే పరుగు పెట్టాలి. అది నేను రెండుసార్లే చేశాను, ఈసారి వారానికొకటి చేస్తాను. మొదటి కిలోమీటరు 8:10, అందులో రెండుసార్లు నడిచాను. ఎడమ తొడ పట్టేసింది. కానీ నామం వదల్లేదు. నాలుగు అడుగులకి ఒకసారి, అప్పన్నా, మళ్ళీ నాలుగు అడుగులకి, గోవిందా. పక్కన పరుగెత్తుతున్న కుర్రాడు నా వైపు చూశాడు, కాసేపటికి వాడూ అందుకున్నాడు! రెండో కిలోమీటరు 7:05. చివరి అర కిలోమీటరు 3:25. ఒక్కో ముక్కా దాని ముందుదాని కంటే వేగం. ఆ రోజు మొత్తంలో అలా జరిగింది ఆ చివరి పరుగు ఒక్కటే. మొదటి 26:10 కంటే నాకు ఆ 3:25 ఎక్కువ ఇష్టం.

మధ్యలో సైకిల్ దగ్గర మారిన టైముతో కలిపి మొత్తం 1 గంట 33 నిమిషాల 40 సెకన్లు. మెడల్ వేస్తుంటే ఏడ్చేశాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మొదటి పరుగులో కాగితం కంటే 2:35 ముందు, సైకిల్ పోయేటప్పుడు ఇంకో 2:30. మొత్తం 5:05 సంపాదించాను. సైకిల్ వచ్చేటప్పుడు 3:50, చివరి పరుగులో 3:40, మొత్తం 7:30 పోయింది. ఆ కాగితం చెప్పినట్టు చేసి ఉంటే 2 నిమిషాల 25 సెకన్లు ముందే వచ్చేవాణ్ణి, ఆ మంట కూడా ఉండేది కాదు. నాన్న ఇదంతా విని, పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు కదరా అన్నారు. ఆ సామెత నాకు ఎప్పుడూ నచ్చలేదు. మీ నాయనమ్మ నిలబడలేదు కదా! 32 కిలోమీటర్లూ నడిచింది, తెల్లారేసరికి కొండ దగ్గర అందరికంటే ముందు నిలబడింది, మనకి పులిహోర కూడా తీసి ఉంచింది.

అందుకే అడుగుతున్నాను, ఈ ఆషాఢానికి సెలవు పెట్టు. మనిద్దరం మళ్ళీ వెళ్దాం. ఈసారి నా చొక్కా పట్టుకోనక్కర్లేదు, నేనే నీ వెనక నడుస్తాను. ఆవిడ సంచి ఇంకా మీ ఇంట్లో ఉందా? ఉంటే అది

అదిగో వ్యాన్ హారన్. ఉత్తరం రాస్తూ ఇంత తెల్లారిందని చూసుకోలేదు, పాపకి జడ కూడా వెయ్యలేదు. ఏనుగు బొమ్మ మడత పెట్టకు. ఉంటాను మావా.