ఆదివారం చదువుకునే పూట: అందరూ రావాలి

అందరికీ నమస్తే 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన హాస్టల్ రీడింగ్ రూమ్‌లో కలుద్దాం. గంటన్నరే. కరెంట్ అఫైర్స్, మాక్ టెస్టులు ఆ రోజు వద్దు.

మొన్నటి రిజల్ట్స్ తర్వాత నలుగురైదుగురు బాగా డీలా పడిపోయారు. వాళ్లను ఊరికే "ధైర్యంగా ఉండండి" అంటే సరిపోదు కదా! అందుకే ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చదువుదాం.

1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల ఆవిడ. అప్పటికి పద్నాలుగేళ్లు! తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలు. బయటికొచ్చాక ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి, మెట్రిక్ నుంచి లా దాకా వెళ్లారు. లా పూర్తయ్యేసరికి 1942. ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలు. మనం రెండేళ్లు గ్యాప్ వచ్చిందని కుమిలిపోతున్నాం 😅

మీరు చేయాల్సింది: ఆవిడ గురించి ఏదైనా రెండు పేజీలు చదివి రండి. మీకు నచ్చిన ఒక్క మాట కాగితం మీద మీ చేత్తో రాసుకురండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు చెల్లవు! రెండు నిమిషాలు మాట్లాడాలి, సిగ్గుపడేవాళ్లు చదివి వినిపించినా చాలు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడే 👍 పెట్టండి, టీ, మిర్చి బజ్జీల లెక్క చూడాలి. తలా ముప్పై రూపాయలు.

లైబ్రరీ పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు ఆదివారమే తిరిగి తెచ్చేయండి, పోయిన నెలవి ఇంకా మూడు రాలేదు.