కయెంటా దారిలో మమ్మల్ని ఆదుకున్న పెద్దమ్మకు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇల్లు చేరాం. దారిలో ఎండదెబ్బ తగిలిన మా ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు, లేచి తిరుగుతున్నారు. ఫోన్లు, మెసేజ్‌లు చేసిన వాళ్లందరికీ ముందుగా ఆ మాట చెప్పాలి. నాకైతే ఒళ్లంతా పులిసిపోయినట్టుంది, నిద్ర పట్టడం లేదు. రేపటి నుంచి ఆఫీసు, పిల్లల పనుల్లో పడితే మళ్లీ కుదరదని ఇప్పుడే రాస్తున్నాను.

అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా మేమిద్దరమే కలిసి ఒక ఊరు చూసింది లేదు. ఈసారి అమ్మానాన్న ఇక్కడే ఉన్నారని పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలి బయల్దేరాం. గ్రాండ్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, యాంటెలోప్ కాన్యన్ చూసుకుని మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్లాలని మా ప్లాన్. యాంటెలోప్ కాన్యన్‌లో ఎర్రరాతి గోడల మధ్య నుంచి దిగే ఆ వెలుగు చూసి తీరాల్సిందే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

పేజ్ అనే ఊరి నుంచి కయెంటా దాదాపు వంద మైళ్లు. 98వ నంబరు రోడ్డు, దాదాపు అంతా నవాహోలనే స్థానిక అమెరికన్ తెగ వాళ్ల నేల మీదుగానే పోతుంది. మైళ్లకు మైళ్లు ఒక్క ఇల్లు కనిపించదు. అక్కడ రోడ్డు మీద పడి ఉన్న ఇనుప ముక్క ఏదో తగిలి టైరు పక్క గోడ నిలువునా చీలిపోయింది. డిక్కీ తీసి చూస్తే స్టెప్నీ లేదు! చిన్న గాలి పంపు, పంచర్ జిగురు డబ్బా, అంతే. పక్క గోడ చీలితే ఆ జిగురు ఎందుకూ పనికిరాదు.

అద్దె కారు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. సిగ్నల్ వస్తోంది, పోతోంది. వీధి పేరు, ఇంటి నంబరు చెప్పమంటారు. రోడ్డు నంబరు, మైలురాయి నంబరు చెబితే సిస్టమ్ తీసుకోవడం లేదంటారు. లైన్ కట్టయితే ఇంకొకరు ఎత్తుతారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చివరికి ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి నుంచి కారును లాక్కెళ్లే బండి పంపిస్తామని ఒక టైమ్ చెప్పారు. అరిజోనాలో మిగతాచోట్ల ఎండాకాలం గడియారం ముందుకు జరపరు, నవాహోల సొంత పాలన ఉన్న నవాహో నేషన్‌లో జరుపుతారు. గంట తేడా. మీరు చెప్పింది ఏ టైమ్ అని అడిగితే జవాబు లేదు. రోడ్‌సైడ్ సాయం కోసమని రోజుకింతని అదనంగా కట్టించుకున్నది వీళ్లే.

జూన్ ఎండ. చెట్టు నీడ అన్నది లేదు. మా ఆయనకు ముందు కళ్లు తిరిగాయి, తర్వాత వాంతులు, పిక్కలు పట్టేశాయి. ఆయనకు బీపీ ఉంది. మా దగ్గరున్న నీళ్లు అయిపోవచ్చాయి. ఆ టెన్షన్‌లో నా చేతులు వణుకుతూ ఫోన్ కూడా నొక్కలేకపోయాను.

అప్పుడు ఎదురుగా ఒక పాత పికప్ బండి వచ్చింది. మమ్మల్ని దాటి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయేమో ఆవిడకు. నెరిసిన జుట్టు ముడి వేసి తెల్ల ఊలు దారంతో చుట్టుకుంది. చేతికి నీలం రాయి ఉంగరం. నన్ను ఏమీ అడగలేదు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి నుదురు ముట్టుకుని చూసింది. తన బండి నీడలో దుప్పటి పరిచి పడుకోబెట్టింది. బండి వెనక తాళ్లతో కట్టిన పెద్ద తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. దాని కుళాయి తిప్పి, తన స్కార్ఫ్ తడిపి ఆయన మెడ మీద, చంకల్లో పెట్టింది. జగ్గులో నీళ్లు పట్టి చిటికెడు ఉప్పు కలిపి, 'గుక్కెడు గుక్కెడు తాగించమ్మా, ఒక్కసారిగా వద్దు' అంది. కుళాయి కట్టేశాక కూడా చుక్కలు పడుతుంటే కింద ఒక మూత పెట్టింది. అది నిండగానే జగ్గులో ఒంపింది. మళ్లీ పెట్టింది.

ఆ మూత చూశాక నాకు అర్థమైంది. వాళ్లింట్లో కుళాయి లేదు. ఇంటికీ గొర్రెలకూ కావాల్సిన నీళ్లు అంత దూరం వెళ్లి పట్టుకొస్తోంది. ఆ నీళ్లనే ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటి మీద పోస్తోంది. నేను కనిగిరి పక్క పల్లెలో పెరిగినదాన్ని. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చున్న రోజులు నాకు తెలుసు. బిందెడు నీళ్లకు మా ఊళ్లో జుట్లు పట్టుకున్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చి, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. పెద్దమ్మ నా వీపు నిమురుతూ నిలబడింది. చాలాసేపు.

తర్వాత మమ్మల్ని బండిలో ఎక్కించుకుని కయెంటాలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అక్కడే కుర్చీలో కూర్చుంది. ఇంటి దగ్గర గొర్రెలు ఎదురుచూస్తున్నాయి, వెళ్లమ్మా అన్నా కదల్లేదు. మనవడికి ఫోన్ చేసి కారు దగ్గరికి పంపింది. ఆ అబ్బాయి ఆ సైజు పాత టైరు వెతికి తెచ్చి బిగించి కారు నడుపుకుంటూ వచ్చాడు. టైరు డబ్బులు తప్ప ఒక్క డాలరు ముట్టుకోలేదు. ఆ ట్యాంకు నీళ్లకైనా డబ్బులు తీసుకోమన్నాను. పెద్దమ్మ నా చెయ్యి మూసేసి, 'ఫీనిక్స్‌లో నా కూతురుంది. తనకు కష్టమొస్తే ఎవరో ఒకరు ఆగాలి కదా' అంది. ఫోటో వద్దంది, పేరు రాయొద్దంది. అందుకే రాయడం లేదు.

ఇంటికొచ్చి కుళాయి తిప్పగానే నాకు కోపం వచ్చింది. కొలరాడో నది నీళ్లు 336 మైళ్ల కాలువలో ఫీనిక్స్, టూసాన్ వైపు వస్తాయి. ఆ నీళ్లను ఎత్తిపోసే కరెంటు 2019 దాకా చాలావరకు పేజ్ పక్కనున్న బొగ్గు ప్లాంటు నుంచే వచ్చేది. ఆ బొగ్గు కయెంటా దగ్గర గనిది. ఆవిడలాంటి నవాహోల నేల, వాళ్ల బొగ్గు, నీళ్లు మాత్రం మనకు. వాళ్ల భూముల్లో వదిలేసిన యురేనియం గనులు 500కు పైగా ఉన్నాయి, కొన్నిచోట్ల బావి నీళ్లు కూడా తాగడానికి పనికిరావు. నవాహోలతో అమెరికా ప్రభుత్వం చేసుకున్న 1868 ఒప్పందం ప్రకారం వాళ్లకు నీళ్లు దక్కేలా ప్రభుత్వం చర్యలు తీసుకోనక్కర్లేదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. కోర్టు ఏమన్నా సరే, ఆ వయసులో ఆవిడ నీళ్లు మోసుకోవడం న్యాయం కాదు.

అద్దె కారు వాళ్లు ఇప్పుడు పాడైన టైరుకూ, ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియని బండికీ కలిపి బిల్లు పంపారు. ఆ బిల్లు మేం కట్టం.

అమ్మానాన్న పిల్లల్ని చూసుకున్నారు, మా మరిది రాత్రికి రాత్రే కారేసుకుని వచ్చాడు. ఇంటివాళ్లకు వేరే చెప్పేదేముంది.

సెలైన్ పెట్టిన నర్సమ్మకు, తన దుప్పటి ఇచ్చిన పక్క బెడ్ తాతగారికి థ్యాంక్స్. అయ్యో, మర్చేపోయాను, సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి మా తరఫున ఫోన్ చేస్తానన్న లారీ డ్రైవర్‌కు కూడా. హోటల్లో తమ గదిలో కుక్కర్ పెట్టి పెరుగన్నం కలిపి తెచ్చిన వరంగల్ దంపతులకు కూడా. మీ నంబరు రాసుకున్న కాగితం ఆ హడావుడిలో ఎక్కడో పోయింది. ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టండి, మీ స్టీలు బాక్స్ నా దగ్గరే ఉంది.